జూలై ఎండలో బాస్ చేపలకు తూకం వద్దు

సంపాదకుడు గారికి,

డాలస్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళు కొందరు జూలైలో లూయిస్‌విల్ లేక్‌లో జోడీలకు బాస్ ఫిషింగ్ టోర్నమెంట్ పెడుతున్నారని మీ పత్రికలో చదివి సంతోషించాను. ఎంతసేపూ క్రికెట్టేనా అనుకునే నాలాంటివాళ్ళకు మంచి కబురే. ఒక్క విషయమే నచ్చలేదు. తెల్లవారుజామున పడవలు బయల్దేరతాయని, మధ్యాహ్నం రెండు గంటలకు ఒడ్డున తూకమని రాశారు. టెక్సాస్ జూలైలో ఆ తూకం పెట్టొద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆట తెలియనివాళ్ళ కోసం కాస్త వివరం. ఒక పడవలో ఇద్దరుంటారు. ఇద్దరూ కలిసి ఐదు చేపలకు మించి తూకానికి తేకూడదు. రాష్ట్ర నిబంధన ప్రకారం చాలా చెరువుల్లో 14 అంగుళాలకు తక్కువున్న లార్జ్‌మౌత్ అనే రకం బాస్‌ని ఉంచుకోకూడదు. పట్టినవాటిని పడవలోనే ఉండే లైవ్‌వెల్ అనే నీళ్ళ తొట్టిలో బతికించి ఉంచుతారు. ఆరోది పెద్దది పడితే ఉన్న ఐదింట్లో చిన్నదాన్ని వదిలేస్తారు. ఆఖర్న అన్నీ ఒడ్డుకు తెచ్చి కాటా మీద పెడతారు, ఎవరి చేపల బరువు ఎక్కువైతే గెలుపు వాళ్ళది. తర్వాత చేపల్ని మళ్ళీ నీళ్ళలో వదులుతారు. ఇలా వదిలే పద్ధతిని పోటీల్లో పాతుకునేలా చేసింది బాస్ యాంగ్లర్స్ స్పోర్ట్స్‌మన్ సొసైటీ పెట్టిన రే స్కాట్. 1972లో ఆయన మొదలుపెట్టిన ఆ ప్రచారమే ఇవాళ అందరికీ అలవాటైంది.

అలవాటు మంచిదే. కానీ వదిలిన చేప బతుకుతుందా అన్నది నీళ్ళ వేడిని బట్టి ఉంటుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీళ్ళలో 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు వచ్చేసరికి అది ఏడున్నరకు పడిపోతుంది. ఇక్కడి చెరువుల్లో జూలైలో పైనీళ్ళు దాదాపు ఆ వేడిలోనే ఉంటాయి. పైగా వేడి పెరిగేకొద్దీ చేపకు ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. గాలానికి పడి పెనుగులాడి అలిసిపోయిన ఐదు పెద్ద చేపల్ని అలాంటి నీళ్ళున్న చిన్న తొట్టిలో గంటల తరబడి ఉంచితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

మనవాళ్ళు ఇక్కడే పొరబడతారేమో అని నా అనుమానం. మన ఊళ్ళ చేపల మార్కెట్లో కొర్రమీను జానెడు నీళ్ళ టబ్బులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బతికే ఉంటుంది కదా, బాస్‌కేం తక్కువ అంటారు. బాస్ కూడా కొర్రమీనులాగే నాచులో, మునిగిన మొద్దుల పక్కన నక్కి కప్ప కనిపిస్తే ఎగబడుతుంది. పోలిక అంతవరకే. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకోగలదు. బాస్‌కి ఆ సౌకర్యం లేదు. నీళ్ళలో ఎంత ఉంటే అంతే.

పోయిన ఆగస్టులో వేరేవాళ్ళ టోర్నమెంట్ ఒకదానికి వెళ్ళి తూకం దగ్గర నిలబడ్డాను. మేకప్ చెదరని పెళ్ళికూతురిలా మెరుస్తున్న పడవలు ఒక పక్క, చేపల సంచులు పట్టుకుని ఎండలో లైను ఒక పక్క. ఓ కుర్రాడి సంచిలో రెండు వెల్లకిలా తిరిగిపోయాయి. పాపం అతను తోక పట్టుకుని ముందుకూ వెనక్కూ ఆడిస్తూనే ఉన్నాడు. కాటా దగ్గరున్నాయన వంగి చూసి, మొప్ప కదిలింది, బతికే ఉన్నాయి అని రాసేసుకున్నాడు. చచ్చిన చేపకు పావు పౌండు కోత పెట్టారు కాబట్టి మొప్ప కదిలితే అందరికీ రిలీఫే. ఆ చేపలు పడవలు దింపే ర్యాంప్ పక్కన నీళ్ళలోకి జారిపోతుంటే చప్పట్లు కొట్టారు కూడా. అలా వెళ్ళినవి అప్పటికి ఈదినా, ఆ దెబ్బకు రెండు మూడు రోజుల్లో చచ్చిపోవచ్చు. నీళ్ళు వేడెక్కేకొద్దీ ఇలా ఆలస్యంగా చచ్చేవి పెరుగుతాయి. అప్పటికి బహుమతులు పంచేసి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయి ఉంటారు, కాబట్టి అవి ఏ లెక్కలోకీ రావు.

తొట్టిలో ఐస్ వేస్తాం, పంపు ఆపకుండా నడుపుతాం అంటారు. మంచిదే, ఏప్రిల్‌లో అయితే నేనూ సరే అనేవాణ్ణి. జూలైలో మొదటిసారి టోర్నమెంట్ పెట్టేవాళ్ళు, సగంమంది పడవలు అద్దెవో అరువువో అయినప్పుడు, దాని మీద భరోసా పెట్టుకోలేం.

దీనికి విరుగుడు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. పట్టిన చోటే కొలిచి, ఫొటో తీసి, అక్కడే వదిలేయాలి. ప్రొఫెషనల్ బాస్ పోటీలు నడిపే మేజర్ లీగ్ ఫిషింగ్‌వాళ్ళు 2019లో బాస్ ప్రో టూర్ మొదలుపెట్టినప్పుడు చేపను పడవలోనే తూచి వెంటనే వదిలేసే పద్ధతి పెట్టారు. వాళ్ళకు ప్రతి పడవలో ఒక అధికారి ఉంటాడు, మనకు అంత స్తోమత లేదు. అందుకే తూకం బదులు పొడవు. కొలబద్ద గీతలున్న పలక మీద చేపను పడుకోబెట్టి, మూతి పలక చివరనుండే చిన్న గోడకు ఆనించి, పక్కన ఆ రోజు ఉదయమే ఇచ్చిన నంబరు కార్డు పెట్టి ఫోన్‌తో ఫొటో. ఆ కార్డు ఉండటం వల్ల పాత ఫొటోలు పనికిరావు. ఐదు పెద్ద చేపల అంగుళాలు కలిపితే జోడీ స్కోరు. చేతులు తడిపి పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు కూడా పోదు. జోడీ ఆట కాబట్టి ఒకరు పట్టుకుంటే ఇంకొకరు ఫొటో తీస్తారు, అర నిమిషం పని.

టెక్సాస్‌లోనే ఉన్న లేక్ ఫోర్క్ అనే చెరువులో 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్‌ని అసలు ఉంచుకోకూడదన్న నిబంధనే ఉంది. అలాంటి చెరువు మీద ఆ సైజు చేపల్ని తొట్టిలో దాచి ఒడ్డుకు తెచ్చే మాటే లేదు. అయినా అక్కడ టోర్నమెంట్లు ఆగలేదు.

ఫొటో పెడితే మోసాలు జరుగుతాయని తప్పకుండా ఎవరో ఒకరంటారు. 2022 సెప్టెంబరు 30న క్లీవ్‌లాండ్‌లో జరిగింది గుర్తుచేసుకోండి. లేక్ ఈరీ మీద వాలై అనే చేపలకు జోడీల టోర్నమెంట్. గెలిచారనుకున్న ఇద్దరి చేపలు చూడ్డానికి అంత లేవు, కాటా మీద మాత్రం బరువెక్కువ. నిర్వాహకుడికి అనుమానం వచ్చి కడుపులు కోస్తే సీసం గుండ్లు బయటపడ్డాయి, వేరే చేపల ముక్కలు కూడా కుక్కారు. మరుసటి ఏడు ఇద్దరికీ పది రోజుల జైలు, పడవ కూడా పోయింది. ఆ మోసం జరిగింది సాక్షాత్తూ కాటా మీదే! పొడవు కొలిస్తే కడుపులో సీసం పెట్టి లాభం లేదు. టెక్సాస్‌లో అయితే బహుమతి 10 వేల డాలర్లు, అంతకు మించి ఉన్న టోర్నమెంట్‌లో మోసం చేస్తే అది ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం కింద లెక్క. ఈ సంగతి ప్రవేశపత్రంలో పెద్దక్షరాలతో వేస్తే చాలు.

కాటా లేకపోతే పిల్లలకూ ఆడవాళ్ళకూ ఒడ్డున చూడ్డానికేం ఉంటుందని ఒక మిత్రుడు అడిగాడు. ఆడవాళ్ళు చూడ్డానికే వస్తారని ఎందుకనుకోవాలో నాకు అర్థం కాలేదు, పడవెక్కమనండి. పిల్లలకు చిన్న గాలం, వానపాము ఇచ్చి గట్టు మీద సన్‌ఫిష్ అనే చిన్న చేపల కోసం కూర్చోబెట్టండి, పెద్దవాళ్ళ చేపల కంటే వాళ్ళవే ఎక్కువ పడతాయి. 17 ఏళ్ళలోపువాళ్ళకు ఫిషింగ్ లైసెన్స్ అక్కర్లేదు. ఇండియా నుంచి వచ్చి పక్కన కూర్చున్న తాతగారు మాత్రం గాలం ముట్టుకునే ముందు ఒకరోజు లైసెన్స్ కొనుక్కోవాలి, నిబంధనలు తనిఖీ చేసే గేమ్ వార్డెన్ వచ్చి అడిగితే విజిటర్‌నండీ అంటే కుదరదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
లూయిస్‌విల్, టెక్సాస్