మిగిలిన మాత్రలతో సొంత వైద్యం

జలుబుకీ గొంతునొప్పికీ కూడా డాక్టరును అడగకుండా యాంటీబయాటిక్ మింగేసే అలవాటు రోజురోజుకీ ముదురుతోంది. మొన్న మా ఇంట్లో మందుల డబ్బా సర్దుతుంటే సగం వాడి వదిలేసిన యాంటీబయాటిక్ స్ట్రిప్పులు మూడు దొరికాయి. ఒకదానిలో మిగిలినవి రెండే మాత్రలు, గడువు తేదీ ఉన్న ముక్క ఎప్పుడో చిరిగిపోయింది. అవి ఎవరికి, దేనికి రాశారో ఇంట్లో ఒక్కరికీ గుర్తులేదు. అయినా కాస్త ఒళ్లు వెచ్చబడితే చెయ్యి ముందు ఆ డబ్బాలోకే వెళ్తుంది, నాదీ అంతే. జలుబు, ఫ్లూ వైరస్ వల్ల వస్తాయి. యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీద తప్ప వైరస్ మీద పనిచేయదు. పైగా అనవసరంగా వాడినప్పుడల్లా మన ఒంట్లోని బ్యాక్టీరియాలో మందుకు లొంగేవి చచ్చి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. పరిస్థితులు అనుకూలిస్తే పేగుల్లో ఉండే ఈ.కోలి లాంటి బ్యాక్టీరియా 20 నిమిషాలకే రెట్టింపవుతాయి. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగే 1945 నాటి నోబెల్ ప్రసంగంలో, చాలీచాలని డోసు వాడితే సూక్ష్మజీవులు మందుకు లొంగకుండా తయారవుతాయని హెచ్చరించారు. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మంది నేరుగా ప్రాణాలు కోల్పోయారని అంచనా. డాక్టర్లు చీటీ మీద ఏ జబ్బుకి, ఎన్ని రోజులకి అన్నది అర్థమయ్యేలా రాయాలి. వీలున్నప్పుడు పరీక్ష చేశాకే యాంటీబయాటిక్ ఇవ్వాలి. మందుల షాపులవాళ్లు చీటీ లేనిదే అమ్మకూడదు, అమ్మినా అన్ని రోజులకు సరిపడా లెక్కపెట్టి ఇవ్వాలి. మిగిలిన మాత్రలు తిరిగి వేసేందుకు ప్రతి ఆసుపత్రిలో ఒక పెట్టె ఉంచితే మా డబ్బాలోవి రేపే తెచ్చి అందులో వేస్తాను.