పక్షుల లెక్కకు తిథి చూడండి

సంపాదకులకు నమస్కారం.

జనవరి దగ్గరపడుతోంది. ఆసియా నీటిపక్షుల గణన కోసం కాకినాడ నుంచి, తీరానికి ఎదురుగా ఉన్న ఇసుక దీవి హోప్ ఐలాండ్‌కు మళ్ళీ పడవలు బయలుదేరుతాయి. 1987 నుంచి మన దేశంలో ఏటా జరుగుతున్న ఈ లెక్కలో కొన్నేళ్ళుగా నేనూ ఒక చేయి వేస్తున్నాను. ఈసారి రోజు నిర్ణయించేవారికి నా మనవి ఒక్కటే: సెలవు చూసి కాదు, తిథి చూసి పెట్టండి.

నిరుడు ఆదివారమని వెళ్ళాం. ఎక్కుతుండగానే పడవ నడిపే సరంగు అన్నాడు: “అమ్మా, ఇవాళ నవమి. పోటు బలంగా ఉండదు. మీ పిట్టలు దిబ్బ మీదికి రావు.” అన్నట్టే అయింది. కనుచూపు మేర బురద. దాని మీద ఎండ సెగకు అల్లాడుతున్న చుక్కలు. అవి బురదలో మేసే ఉల్లంకు పిట్టలని తెలుస్తోంది గాని, ఏ రకమో టెలిస్కోపులోనూ తేలలేదు. ఆ బురదలో దిగి దగ్గరికి పోలేం. చివరికి కాగితం మీద ఉజ్జాయింపు అంకెలు పడ్డాయి. కళ్ళతో చూడనిది ప్రయోగ పుస్తకంలో రాయవద్దని పాతికేళ్ళు పిల్లలకు చెప్పినదాన్ని. ఆ కాగితం మీద సంతకానికి నా చేయి ఆడలేదు.

ఆరు రోజులకు పున్నమి. అటవీశాఖ అనుమతి తీసుకుని నలుగురం సొంత ఖర్చుతో మళ్ళీ వెళ్ళాం. పున్నమి పోటు బలంగా ఎక్కి బురద మునిగేసరికి, మేత నేల పోయిన పక్షులు గుంపులు గుంపులుగా ఇసుక కొసకు చేరాయి. వాటి నడుమ ఇండియన్ స్కిమ్మర్లు! కింది ముక్కు పైదానికన్నా పొడవు. నీటిని దానితో కోస్తూ ఎగురుతాయి. చంబల్ వంటి ఉత్తరాది నదుల తిన్నెల మీద గుడ్లు పెట్టి, చలికాలం మన తీరానికి వస్తాయి. ప్రపంచమంతటా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. అన్నీ గాలికి ఎదురుగా వరుసగా నిలబడ్డాయి. రెండుసార్లు లెక్కపెట్టాం, రెండుసార్లూ ఒకే అంకె వచ్చింది. నవమి నాటి కాగితంలో వాటి ఎదుట సున్నా ఉంది.

అంతలో రెండు ఊరకుక్కలు పరుగెత్తుకొచ్చాయి. గుంపంతా లేచిపోయింది. పోటు వేళ ఆ పక్షులకు విశ్రాంతి వేళ. అప్పుడు లేపితే అవి నిలబడే చోటు ఇంకెక్కడుంది? జనవరి నుంచి అదే ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు పెట్టే గుడ్లనూ కుక్కలు తవ్వి తింటాయి. ఆ కుక్కలను దీవి దాటించే పని, గణనకు ముందే మొదలుకావాలి.

గణనకు ఇచ్చే రెండు వారాల గడువులో పున్నమో అమావాస్యో, కనీసం వాటి దరిదాపు రోజులో తప్పకుండా పడతాయి. ఆ రోజు పోటు ఎన్ని గంటలకో సరంగులకు తెలుసు. ఏర్పాట్ల సమావేశానికి వారిలో ఒకరిని పిలిచి, ముందు వారినే అడగండి.

— ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు, కాకినాడ