మొసళ్లకు అరపేజీ, సిపాయిలకు సున్నా

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో బర్మా తీరంలోని రామ్రీ దీవి కథనం వచ్చి పన్నెండు రోజులైంది. సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లూ ఆగాను. రోజూ పొద్దున్నే పేపరు రాగానే ముందు అదే వెతుక్కున్నాను. రాలేదు. ఇక ఉండబట్టలేక రాస్తున్నా.

రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ వెయ్యి మంది జపాను సైనికులను ఒక్క రాత్రిలో మొసళ్లు తినేశాయట! చిన్నప్పుడు మా ఊరి హరికథల్లో విన్న గజేంద్ర మోక్షంలో ఒక్క మొసలి ఒక్క ఏనుగు కాలు పట్టుకుని వెయ్యేళ్లు తంటాలు పడింది, అయినా మింగలేకపోయింది. మీ మొసళ్లు తెల్లారేసరికి పటాలం మొత్తాన్ని ముగించి మూతి తుడుచుకున్నాయి. అన్ని మొసళ్లు అంతకుముందు ఏం తిని బతికాయి, మర్నాటి నుంచి ఏం తిన్నాయి అని మీ ఆఫీసులో ఒక్కరికైనా అనుమానం రాలేదా?

1945 జనవరి 21న ‘క్వీన్ ఎలిజబెత్’ యుద్ధనౌక ఫిరంగులు ఆ దీవిలోని క్యాక్‌ప్యూ తీరాన్ని దున్నేశాక అక్కడ దిగింది 26వ భారత డివిజన్‌లోని 71వ బ్రిగేడ్. మీరు ‘బ్రిటిష్ సేనలు’ అని ఒక్క మాటలో తేల్చేశారు. వాళ్లలో గఢ్వాలీలున్నారు, పంజాబీలున్నారు. ఆ అరకాను (బర్మా పడమటి) తీరపు పోరులో నర్మద, జమున, కృష్ణ అని మన నదుల పేర్లు పెట్టుకున్న యుద్ధనౌకలున్నాయి. రంగూన్ వైపు పోతున్న మనవైపు 14వ సైన్యానికి తిండి, మందుగుండు విమానాల్లో అందాలంటే సముద్రం పక్కన రన్‌వేలు కావాలి. దీవి కావలసింది అందుకు. మీ కథనంలో ఆ ముక్కే లేదు. చదివినవాడికి ఇంతమంది అక్కడికి మొసళ్లను చూడబోయారేమో అనిపిస్తుంది.

జపాను దళం సుమారు వెయ్యి మంది, నెల రోజులు గట్టిగానే నిలబడ్డారు. చివరికి మడ అడవుల్లోకి జారుకున్నారు. పాయల్లో మనవైపు పడవలు కాపు కాశాయి. ఆ బురదలో తూటాలకు కొందరు, తాగే నీళ్లు లేక కొందరు, ఈదలేక కొందరు పోయారు. అయినా ఐదు వందల మంది దాకా అవతలి ఒడ్డుకు తప్పించుకున్నారు. మరి మొసళ్లు వెయ్యి మందిని ఎక్కడి నుంచి తెచ్చుకున్నాయి? అక్కడ ఉప్పునీటి మొసళ్లు లేవని కాదు. తర్వాత ఆ దీవికి పోయి ముసలివాళ్లను అడిగిన పరిశోధకులకు దొరికిన లెక్క పది, పదిహేను మంది. వెయ్యి కథ 1962లో ఓ కెనడా ఆయన పుస్తకం నుంచి పాకింది. గిన్నిస్ రికార్డుల్లోకి కూడా ఎక్కింది. అంతమాత్రాన మన పేపర్లోకీ ఎక్కాలా?

నాకింత మంట ఎందుకంటే, మా జేజినాయన ఆ దీవిలో లారీ తోలాడు. ఆయన నోట రామ్రీ ‘రామిరెడ్డి దీవి’. అదెవరో మన రెడ్డిగారి ఆస్తేమో అనుకునేవాళ్లం పిల్లలం. మొసళ్ల గురించి అడిగితే నవ్వి, “మొసల్లు యాడివిరా, మమ్మల్ని తినింది దోమలు” అనేవాడు. ఆయన ట్రంకు పెట్టెలో బర్మా స్టార్ పతకం ఇప్పటికీ ఉంది. ఆరు మొనల నక్షత్రం, నీలం, నారింజ, ఎరుపు చారల రిబ్బను, అంచు చిమటలు కొట్టింది. దాని కిందే భుజానికి కుట్టుకునే గుడ్డముక్క, మీద పులి బొమ్మ. 26వ డివిజన్ గుర్తు అదే. అంత పెద్ద పులి మీకు కనబడలేదు, మొసళ్లు మాత్రం కనబడ్డాయి.

పోనీ, మీ ఒక్కరినే అని లాభమేముంది. ఆయన సర్వీసు వివరాల కోసం ఆమధ్య ఓ ప్రభుత్వ కార్యాలయం చుట్టూ నాలుగు నెలలు తిరిగాను. మొదటిసారి ఫారం అయిపోయిందన్నారు. రెండోసారి ఆధార్ తెమ్మన్నారు. 1983లో పోయిన మనిషి ఆధార్! మూడోసారి ఓ కుర్రాడు కంప్యూటర్ నుంచి తల ఎత్తకుండానే “బర్మా ఏ జిల్లా సార్?” అన్నాడు. వాణ్ని మాత్రం ఏమనాలి? ముప్పై నాలుగేళ్లు చరిత్ర పాఠం చెప్పిన నేనూ ‘మిత్రరాజ్యాలు గెలిచాయి’ అని ఒక్క వాక్యంతో గంట కొట్టించుకుని బయటపడ్డవాణ్నే. సిలబస్ అంతే ఉండేది.

మొన్న మంగలి షాపులో మీ పేపరు చేత పట్టుకుని నలుగురు ఇదే ముచ్చట. లెక్క అప్పటికే రెండు వేలైంది. మా మనవడైతే ఫోన్‌లో అదే చూసి, “తాతా, మీ జేజినాయనను ఎందుకు తినలేదు?” అని అడిగాడు. లారీలో ఉన్నాడు గనక, అన్నాను.

మొసలి బొమ్మకు అరపేజీ ఇచ్చారు. సవరణకు రెండంగుళాలు చాలు. ఈ ఉత్తరం పొడుగైందని కత్తిరించేట్టయితే గజేంద్ర మోక్షం తీసేయండి, జనవరి 21నీ 26వ డివిజన్‌నీ మాత్రం ముట్టుకోవద్దు.

– రిటైర్డ్ సోషల్ మాస్టారు, ప్రొద్దుటూరు, కడప జిల్లా