నారాయణగూడలో ఇల్లు చూసుకుంటున్న అమ్మాయికి

కూకట్‌పల్లి,
హైదరాబాదు.

చిరంజీవి శ్రావణికి నాన్న ఆశీస్సులు.

బెంగళూరు నుంచి బదిలీ ఖాయమైందని, ఆఫీసు బషీర్‌బాగ్‌లోనేనని చదివి మీ అమ్మా నేనూ ఎంతో సంతోషించాం. కొండాపూర్‌లో స్నేహితురాళ్ళతో కలిసి ఫ్లాట్ తీసుకోవాలా, నారాయణగూడలో చూసిన రెండు గదుల పోర్షన్ తీసుకోవాలా అని అడిగావు. నారాయణగూడే తీసుకో అమ్మా.

1998లో మనం దాని పక్కనే ఉన్న సుల్తాన్ బజార్ వదిలి ఇక్కడికి వచ్చేనాటికి నీకు మూడేళ్ళు. పొగకూ ఇరుకుకూ నీళ్ళ ఇబ్బందికీ విసిగి ఆ సందులోని కుటుంబాలు ఒకదాని వెనుక ఒకటి కదిలాయి, వాటితో మనమూ కదిలాం. కిందటి నెల ఆ మేడ చూసి వచ్చాను. నువ్వు తొలి అడుగులు వేసిన ముందుగదిలో కప్పు దాకా అట్టపెట్టెలు పేర్చారు; మీ అమ్మ తులసికోట ఉన్నచోట జనరేటర్ పెట్టారు. పగలంతా కింద బజారు కిటకిటలాడుతుంది కానీ, రాత్రి షట్టర్లు దించాక మేడ మీద ఒక్క దీపమూ వెలగదు. మనం ఉండిపోవలసిందని నాకు ఇప్పటికీ బాధ.

నగరపు ఆ నడిబొడ్డు పడి లేవడం కొత్త కాదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద ఊరిని ముంచెత్తిన తర్వాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి వెడల్పైన రోడ్లు వేయించి, ఇళ్ళూ అంగళ్ళూ కట్టించింది. ఏడో నిజాం రెండో కుమారుడు మొజం జా ఆ మండలికి పెద్దగా ఉండేవాడు; ఆయన పేరుతోనే 1935లో మొజంజాహీ మార్కెట్ వెలిసింది. రేకులూ బోర్డులూ కమ్మేసి ఏళ్ళ తరబడి మసిబారిన ఆ రాతి కట్టడాన్ని బాగుచేసి 2020 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. సాయంత్రం దీపాలు వెలిగాక గడియారం కింద నిలబడితే రాయికీ రాయికీ మధ్య అతుకులు కూడా కనిపిస్తాయి. ముంగిట్లో తాతలూ మనవలూ సీతాఫలం ఐస్‌క్రీమ్ తింటూ కూర్చుంటే నాకు కడుపు నిండినట్టుంటుంది. అయితే పొద్దుపోయాక వాళ్ళంతా ఎక్కడెక్కడికో దూరం వెళ్ళిపోతారు. నడిచి రాగల దూరంలో కాపురాలు పెరిగితేనే ఈ కళ నిలుస్తుందని నా గట్టి నమ్మకం, అందుకే నువ్వు అక్కడ ఉండాలని కోరుకుంటున్నాను.

నీకూ అది మేలే. ఆఫీసుకు నడిచే వెళ్ళవచ్చు. కొండాపూర్ నుంచైతే రోజుకు రెండు మూడు గంటలు రోడ్డు పాలవుతాయి. సాయంత్రం రవీంద్రభారతిలో నాటకం, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీ, ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సినిమా, ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు, జనవరిలో నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్, అన్నీ చేరువలోనే. సుల్తాన్ బజార్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి తప్పక వెళ్ళు. నేను ఆఫీసు వదలగానే అక్కడ పత్రికలు తిరగేసి ఇంటికి వచ్చేవాణ్ణి. మా దగ్గరికి రావాలంటే నారాయణగూడలో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో మారితే చాలు.

లోపాలూ చెప్పాలి. ఆ సందుల్లో మురుగు కాలువలు పాతవి, బండి నిలిపే చోటు కరువు, మెయిన్ రోడ్డు వైపు కిటికీ తీస్తే హారన్ల మోత. నీళ్ళు ఎన్ని రోజులకోసారి, ఏ వేళకు వస్తాయో ఇంటివాళ్ళను కాక పక్క పోర్షన్ వాళ్ళను అడుగు. అడ్వాన్స్ ఇచ్చే ముందు రాత్రి పదింటికి ఆ సందులో ఒకసారి నడిచి చూడాలి. మేడల మీద బట్టలు ఆరేసి, ఇళ్ళలో దీపాలు వెలుగుతూ ఉంటే నాకు ఏ దిగులూ ఉండదు. ఆ పని నేనే చేస్తాను. శనివారం నువ్వు రైలు దిగేసరికి కాచిగూడ స్టేషన్‌లో ఉంటాను. మీ అమ్మ కూడా వస్తానంటోంది, వంటగది చూడాలట.

ఇట్లు,
మీ నాన్న