చెప్పులిచ్చిన అక్కకి

నాన్న నిన్న సాయంత్రం ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేశారు. బాగా నీరసంగా ఉన్నారు కానీ ఊపిరి సరిగ్గా ఆడుతోంది. పదకొండు రోజులుగా నాకు సరైన నిద్ర లేదు, రాతలో తప్పులుంటే సర్దుకోండి. ప్రార్థించినవాళ్ళందరికీ వందనాలు. తమ్ముడు, మా ఆయన ఎలాగూ ఉన్నారు, వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

మా చర్చి క్రిస్మస్ నాటకంలో నాలుగేళ్ళుగా సత్రం యజమాని వేషం నాదే (గొంతు పెద్దదని ఇచ్చారు). "చోటు లేదు, పొండి" అనడమే నా డైలాగు. నిజానికి బైబిల్లో లూకా సువార్త 2వ అధ్యాయంలో ఆ యజమాని లేనే లేడు. సత్రంలో మరియ, యోసేపులకి స్థలం లేదన్న ముక్క మాత్రమే ఉంది, మనిషిని మనం కల్పించుకున్నాం. డిసెంబర్ 29 రాత్రి క్యాజువాలిటీలో నిలబడ్డాక అనిపించింది, లూకా సరిగ్గానే రాశాడని. బెడ్ లేదు. ఎవరు లేదన్నారంటే ఎవరూ కాదు. డాక్టరు గారు అడ్మిషన్ కౌంటర్‌కి వెళ్ళమన్నారు, అక్కడివాళ్ళు ఇన్సూరెన్స్ డెస్క్‌కి పొమ్మన్నారు, డెస్క్‌లో అమ్మాయేమో అప్రూవల్ రాలేదు, సిస్టమ్‌లో చూపించట్లేదు అంది. నాన్న ఆక్సిజన్ మాస్కుతో స్ట్రెచర్ మీద, కారిడార్‌లో, ఐదు గంటలు. ప్రీమియం కట్టించుకునేటప్పుడు మాత్రం ఆ సిస్టమ్‌కి ఏ రోగమూ రాదు. సరే, అది మొదలుపెడితే ఈ రాత్రికి తెగదు.

గోడ వారగా దుప్పటి పరుచుకుని ఒక అక్క కూర్చుని ఉంది. వాళ్ళాయన ఆరు రోజులుగా ఐసీయూలో ఉన్నారట. నేనేమీ అడగకుండానే లేచొచ్చి, "నువ్వు వెళ్ళు, పెద్దాయన దగ్గర నేనుంటా" అని మాస్కు జారకుండా పట్టుకుని నిలబడింది. మూడోసారో నాలుగోసారో నేను కాగితాలతో పరిగెడుతుంటే, "చెల్లీ, ఆగు" అంది. నా కాళ్ళకేసి చూస్తోంది. హడావుడిలో చెప్పులు లేకుండానే వచ్చేశానన్న సంగతి అప్పటిదాకా నాకే తెలీదు. తన చెప్పులు విడిచి నా ముందు పెట్టింది. "నేనెక్కడికీ తిరగను గదా, తిరగాల్సింది నువ్వు, వేసుకో." అప్పటివరకు కళ్ళల్లో చుక్క నీళ్ళు రాలేదు. నాన్న పెదాలు నీలంగా మారినప్పుడు కూడా ఏడవలేదు. ఆ చెప్పులు నా కాళ్ళకి పెద్దవయ్యాయని చూసుకుని, కౌంటర్ ముందు క్యూలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.

తెల్లవారుజామున నాలుగింటికి బెడ్ దొరికింది. పనులన్నీ అయ్యాక వెనక్కొచ్చి చూస్తే దుప్పటి లేదు, అక్క లేదు. పేషెంటుని తీసుకెళ్ళిపోయారని వాచ్‌మన్ అన్నాడు. ఎక్కడికో, ఎలా ఉన్న మనిషినో, అడిగే ధైర్యం చాల్లేదు. ఆవిడ పేరు తెలీదు, ఏ దేవుడికి మొక్కుతుందో తెలీదు.

25న మా పాస్టరు గారు, గొర్రెల కాపరులు బాల యేసును చూశాక మళ్ళీ తమ పనిలోకే వెళ్ళారు, మన క్రిస్మస్ 26న మొదలవ్వాలి అన్నారు. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది నేనే. 26, 27, 28 మూడు రోజులూ ఏం చేశానంటే, వేషాల బట్టలు మడతపెట్టి పడుకున్నాను. 29 తర్వాత మాత్రం, ఆ కారిడార్‌లోకి కొత్తగా వచ్చినవాళ్ళకి ఏ కౌంటర్ ఎక్కడో, ఏ కాగితం ముందడుగుతారో చెప్తూ తిరిగాను, ఆ చెప్పులతోనే. పెద్ద సేవేం కాదు, ఎలాగూ ఖాళీగానే కూర్చోవాలి.

అయ్యో, రక్తం ఇచ్చిన ఇద్దరు యూత్ తమ్ముళ్ళని మర్చిపోయాను! ఆంబులెన్స్ డ్రైవర్ అన్న, రాత్రి స్ట్రెచర్ తోసిన వార్డ్‌బాయ్, పిల్లల్ని చూసుకున్న పక్కింటి ఆంటీ, రోజూ ఫోన్ చేసిన పాస్టరమ్మ గారు, అందరికీ థ్యాంక్స్. ఇంకా ఎవరినైనా వదిలేస్తే క్షమించండి, బుర్ర పనిచేయట్లేదు.

అక్కా, ఇది నీదాకా వస్తే, చెప్పులు నా దగ్గరే ఉన్నాయి. కడిగి పెట్టాను. ఎడమదానికి నువ్వు పెట్టుకున్న పిన్నీసు తీయలేదు.