భాగహారం చేస్తే ప్రయాణ కాలం వచ్చేస్తుందా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ 'మీకు తెలుసా' బాక్సు చూసి, రెండు రోజుల్లో సవరణ వేస్తారులే అని ఊరుకున్నాను. వేయలేదు. పిల్లలు క్విజ్‌ల కోసం కత్తిరించి దాచుకునే శీర్షిక కాబట్టి రాయక తప్పడం లేదు.

లండన్, న్యూయార్క్‌ల మధ్య దూరం 5,540 కిలోమీటర్లట, విమానం వేగం గంటకు 900 అట, కనుక ప్రయాణం 6 గంటల 9 నిమిషాలట! ఆ తొమ్మిది నిమిషాల దగ్గరే నాకు ఒళ్లు మండింది.

దూరంతో పేచీ లేదు. ఎటు నుంచి ఎటో చెప్పరేం? అట్లాంటిక్ పైన జెట్ స్ట్రీమ్, అంటే బాగా ఎత్తున జోరుగా వీచే గాలి, పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. న్యూయార్క్ వెళ్లేటప్పుడు అది ఎదురుగాలి, దాదాపు 8 గంటలు పడుతుంది. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది, కనీసం ఒక గంట కలిసొస్తుంది. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలులు తోడై బ్రిటిష్ ఎయిర్‌వేస్ జంబో జెట్ ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. పాపం, ఆ పైలట్ మీ బాక్సు చదివినట్టు లేడు.

దగ్గర దారే త్వరగా చేరుస్తుందన్న నమ్మకం కూడా ఉత్తదే. ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని ఎయిరిండియా 2016లో అట్లాంటిక్ మీద నుంచి పసిఫిక్ మీదికి మళ్లించింది. దారి సుమారు 13,900 కిలోమీటర్ల నుంచి 15,300కు పెరిగింది, కానీ తూర్పుగా వెళ్లడంతో గాలి వెనక నుంచి తోసి, ప్రయాణ సమయం మాత్రం తగ్గింది. హెల్సింకి-టోక్యో కథ ఇంకో రకం. రష్యా గగనతలం మీదుగా తొమ్మిదిన్నర గంటల్లో అయ్యే ప్రయాణం, 2022లో ఆ దారి మూతబడ్డాక పదమూడు గంటలకు పోయింది. ఊళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

బాక్సులో వేసిన మ్యాపు బొమ్మ సంగతి సరేసరి. స్కేలు పెట్టి సముద్రానికి అడ్డంగా గీత గీశారు. ఒక గ్లోబు తీసుకుని రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూస్తే, ఆ దగ్గర దారి ఐర్లండ్, కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌ల వైపు ఎలా వంగిపోతుందో మీ ఆర్టిస్టుకే తెలిసేది. గ్లోబులు స్కూళ్లలోనే కనబడడం లేదు, ఇక పత్రికాఫీసులో అడగడం నాదే అత్యాశ.

విమాన సంస్థలూ ఏమంత తక్కువ తినలేదు. రన్‌వే దాకా పాకడం, గేటు కోసం ఎదురుచూడడం అన్నీ కలిపి, ఇంకాస్త చేర్చి టైము వేస్తాయి. ఆనక 'ఇరవై నిమిషాలు ముందే వచ్చాం' అని మైకులో మురిసిపోతాయి. పదిహేను నిమిషాల లోపు ఆలస్యాన్ని అధికారులు ఆలస్యం కిందే లెక్కకట్టరు. కాగితం మీద అందరూ సమయపాలకులే!

సవరణ వేస్తే ఆ బాక్సు వచ్చిన చోటే, ఆ సైజులోనే వేయండి. లోపలి పేజీ అడుగున, టెండరు ప్రకటనల పక్కన, చీమ తలకాయంత అక్షరాల్లో వేసి చేతులు దులుపుకోకండి.

- ఒక పాత పాఠకుడు