థిన్నర్ సర్వరోగ నివారిణి కాదు

సంపాదకులకు,

గత ఆదివారం మీ అనుబంధంలో 'ఎంత మొండి మరకైనా థిన్నరో, నెయిల్ పాలిష్ రిమూవరో రాస్తే మాయం' అని సెలవిచ్చారు. మరకతోపాటు వస్తువూ మాయమవుతుందన్న మాట మాత్రం మింగేశారు. చాలా రిమూవర్లలో ఉండేది అసిటోన్. టీవీ రిమోట్, ఫ్రిజ్ లోపలి ప్లాస్టిక్ మీద అది పడితే పైపొర కరిగి జిగటబారి, తెల్లటి మచ్చ శాశ్వతంగా మిగులుతుంది. పట్టులా మెరిసే అసిటేట్ అనే కృత్రిమ బట్టకైతే ఏకంగా చిల్లే. జరీ అంచు మీద పూత కూడా లేచిపోవచ్చు.

స్టీలు కంచానికి సరిగ్గా నడిమధ్యన స్టిక్కర్ అంటించే కంపెనీల తెలివికి దండం పెట్టాలి గానీ, దానికి థిన్నరెందుకు? పైన నున్నటి పొర చింపేసి, మిగిలిన కాగితానికి కొబ్బరినూనె పట్టించి అరగంట వదిలేయండి. జిగురు ఉబ్బి, గుడ్డతో తుడిస్తే ఉండలు కట్టి వచ్చేస్తుంది. తర్వాత గిన్నెల సబ్బు, వేడినీళ్లు. అన్నం తినే కంచమండీ అది!

బాల్ పెన్ను మరకకు సర్జికల్ స్పిరిట్ చాలు. ముందు లోపలి మడత మీద ఒక చుక్క వేసి రంగు దిగుతుందేమో చూడాలి. మరక కింద పాత తెల్ల నూలుగుడ్డ మడిచి పెట్టి, స్పిరిట్‌లో ముంచిన దూదితో అంచుల నుంచి మధ్యకు అద్దాలి. సిరా కింది గుడ్డలోకి దిగుతుంది, దాన్ని జరుపుతూ పోవాలి. రుద్దితే రూపాయంత మరక అరచేయంత అవుతుంది. జెల్ పెన్ను సిరాకు ఈ మందు పెద్దగా పనిచేయదు, అందులో ఎక్కువగా ఉండేది నీటిలో కలిపిన రంగు పొడి. ఎనామిల్ పెయింట్ తడిగా ఉంటే టర్పెంటైన్‌తో పోతుంది, ఎండాక కష్టమే. పసుపు మరకకు సబ్బు తగిలి ఎర్రబడితే కంగారొద్దు, జాడించి ఎండలో ఆరేయండి.

ఇక అసలు ముప్పు గురించి ఒక్క ముక్కా లేదు. అసిటోన్ ఆవిరి సున్నాకు దాదాపు 20 డిగ్రీల దిగువన కూడా నిప్పు తగిలితే భగ్గుమంటుంది. టర్పెంటైన్‌కు ఇంచుమించు 35 డిగ్రీలు కావాలి, మన మే నెల ఎండకు అదొక లెక్కా? ఈ ఆవిర్లు గాలికంటే బరువు. నేల మీద పాకుతూ పక్కగదిలో పొయ్యి దాకా, దేవుడి దీపం దాకా పోతాయి. థిన్నర్ తడి గుడ్డను బయట పూర్తిగా ఆరనివ్వకుండా వాషింగ్ మెషీన్‌లో వేయకూడదు.

వీటిని మంచినీళ్ల సీసాల్లో, పేరు చీటీ కూడా లేకుండా లూజుగా అమ్ముతుంటే అడిగే అధికారి ఎక్కడ? యాసిడ్ అమ్మకాలకు 2013లో సుప్రీంకోర్టే కళ్లెం వేసినా కొన్నిచోట్ల వీధిలో కేకేసి మరీ అమ్ముతున్నారు! ఆ సీసాలోని కిరోసినో, థిన్నరో పిల్లలు తాగితే వాంతి చేయించకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇది ఏ చిట్కాల శీర్షికలోనూ కనపడదు.

పుట్టినరోజు శుభాకాంక్షలు, ట్యూషన్ ప్రకటనలు దారి చూపే బోర్డుల మీద అంటిస్తే జరిమానా వేసే నాథుడు లేడు. వాటిని థిన్నర్‌తో తుడిచి, రాత్రి లైటుకు మెరిసే ఆ పొరను కూడా మసకబార్చే పనిమంతులకు మాత్రం కొదవలేదు.

సవరణ వేస్తే ఏ మూలనో చీమ తలకాయంత అక్షరాల్లో కాకుండా, చిట్కా వేసినంత పెద్దగానే వేయండి.

— ఒక పాఠకుడు, తణుకు